గంజి గుడి గోడలో మా రాయి

వియ్యపురాలిని విశాఖపట్నం విమానం ఎక్కించి వెనక్కి వస్తున్నాను. నేరుగా బడంగ్‌పేట్ పోవాల్సిన కారును, ఏం బుద్ధి పుట్టిందో ఏమో, మామిడిపల్లి రాకముందే పక్క రోడ్డుకు తిప్పమన్నాను. పుట్టిన ఊరు కూతవేటు దూరంలో పెట్టుకొని ఏళ్ల తరబడి ముఖం చూపించని దాన్ని నేను. డ్రైవర్ అబ్బాయి "అటు ఏముందమ్మా, అన్నీ ప్లాట్లే" అని గొణిగాడు. "మా గుడి ఉంది నాయనా, ఒక్కసారి చూసి పోదాం" అన్నాను.

గుడి లేదు.

ముందు దారి తప్పామేమో అనుకున్నాను. కాదు, అదే గుట్ట, అదే మలుపు. గుడి ఉండాల్సిన చోట చుట్టూ రేకులు పాతి ఉన్నాయి. లోపల పసుపుపచ్చని జేసీబీ ఒకటి రాళ్లను ఎత్తి ట్రాక్టర్లో పోస్తోంది. గాలి నిండా తెల్లటి సున్నం దుమ్ము. తలకు టోపీ పెట్టుకున్న కుర్రవాడొకడు ఎదురొచ్చాడు. సంఘం కమిటీ వాడట. "పాతదైపోయిందమ్మా, కొత్తది కడుతున్నం. కింద పార్కింగు, పైన ఏసీ హాలు" అని ఎంత సంతోషంగా చెప్పాడో!

"ఎవరినడిగి కూలగొట్టారయ్యా?" అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "మీరెవరమ్మా?" అన్నాడు.

నాకు బాప్తిస్మం ఇచ్చిన చోట, నేను పడి లేచి పెరిగిన వాకిట్లో, నన్ను ఎవరని అడుగుతున్నాడు! ఏం చెప్పను? ఫోన్ నంబరు అడిగితే ఇచ్చాను. వచ్చి కార్లో కూర్చున్నాను.

ఆ గుడిని మా ఊళ్లో ఎవరూ చర్చి అనేవాళ్లు కాదు. గంజి గుడి అనేవాళ్లు. ఎప్పుడో పెద్ద కరువు వచ్చిందట. ఏ కరువు అని అడిగితే తాత "మా తాత పుట్టకముందుది పో" అని కసిరేవాడు. జనం చింతగింజలు ఉడకబెట్టుకొని తింటున్న రోజుల్లో గుర్రం మీద ఒక తెల్లదొర వచ్చి, గుట్ట పక్కన డేరా వేసి, పెద్ద పెద్ద గుండిగల్లో గంజి కాయించాడట. ఊరికే పోస్తే జనానికి నామోషీ. అందుకని గుడి కట్టండి, గంజి తాగండి అన్నాడట. అలా లేచిన గోడలవి.

గోడలంటే అలాంటి ఇలాంటి గోడలా! కిటికీ గూట్లో నేను అడ్డంగా పడుకుంటే కాళ్లు ఇటు బయటికి రావు, తల అటు బయటికి రాదు. బయటి వైపు ఒక వరస రాళ్లు, లోపలి వైపు ఒక వరస రాళ్లు, మధ్యలో కంకరా గానుగ సున్నమూ కూరి కట్టారు. కిటికీలు పైకి పోయేకొద్దీ సన్నబడి కోసుగా కలిసేవి. పైన టేకు దూలాలు, వాటి మీద బెంగళూరు పెంకులు. గోపురం లేదు. ముందు గోడ మీదే రెండు రాతి స్తంభాలు లేపి, కమాను తిప్పి, దానికి గంట వేలాడదీశారు. లోపల షాబాదు బండలు. ఎండాకాలం ప్రసంగం సాగుతూ ఉంటే పిల్లలం ఆ చల్లటి బండలకు చెంపలు ఆనించి నిద్రపోయేవాళ్లం. గబ్బిలాల కంపు, కొవ్వొత్తుల వాసన, ఆముదం పట్టించిన తలల వాసన, వీటన్నిటి మధ్యా ఎవరి కొంగు మూటలోంచో వచ్చే వేయించిన పల్లీల వాసన. దేవుడి వాసన ఇదే కాబోలు అనుకునేదాన్ని.

వాకిలి మాత్రం పడమర. అందుకే మా నాయనమ్మకు దొర మీద పీకలదాకా కోపం. "తూర్పుకు పెట్టాల్సిన వాకిలి పడమటికి పెట్టిండు. దిక్కులు తెల్వని మనిషి! ఎంతైనా పరాయి దేశపోడు గదా" అనేది. ప్రార్థన బల్ల తూర్పున ఉండాలని ఆ దొర కావాలనే అలా కట్టాడని నాకు పెద్దయ్యాక తెలిసింది. నాయనమ్మకు చెప్పినా వినేది కాదు. ఆ తప్పును క్షమించకుండానే పోయింది.

గుడికంతటికీ గొప్ప మాత్రం దక్షిణపు గోడది. దానికి గచ్చు లేదు, వట్టి రాయి. అందులో అక్కడక్కడ కొన్ని రాళ్ల మీద ఉలితో చెక్కిన గుర్తులు ఉండేవి. ఒకదాని మీద కొడవలి, ఒకదాని మీద కోడికాలు, ఒకదాని మీద నిచ్చెన. కరువులో గుడి కట్టినప్పుడు ఒక్కో ఇంటివాళ్లు ఒక్కో రాయి గుట్ట మీంచి మోసుకొచ్చి, తమ ఇంటి గుర్తు చెక్కి గోడలో పెట్టారని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. కొడవలి రాయి మాది. కోడికాలు మా ఎదురింటివాళ్లది. సంబంధం మాట్లాడుకోవడానికి వస్తే పిల్ల రంగూ పొలమూ తర్వాత, ముందు "మీ రాయి ఏది?" అని అడిగేవాళ్లు. కొత్తకోడలు ఇంట్లో కాలు పెట్టకముందే అత్తింటి రాయి ముట్టి రావాలి. మా అమ్మ కూడా అలాగే వచ్చిందట.

ఎండలు మొదలయ్యే రోజుల్లో గంజి ఆదివారం వచ్చేది. కరువును మరిచిపోకూడదని పెట్టుకున్న పండుగ అది. గుడి ముందు గుండిగ ఎక్కించి జొన్న గంజి కాచేవాళ్లు. దాంట్లోకి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్త మామిడికాయ తొక్కు. ఇంట్లో మూతి విరిచే పిల్లలం కూడా ఆ రోజు ముంత మీద ముంత లాగించేవాళ్లం. ఒకటే నియమం: ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి రాయి కింద కూర్చొని తాగాలి. మేం కొడవలి కింద, ఎదురింటివాళ్లు కోడికాలు కింద. రెండు రాళ్ల మధ్యా జానెడు దూరం కూడా ఉండదు, రెండు ఇళ్ల మధ్యా మాటలు లేవు. ఏదో ఎడ్ల తగువు, నేను పుట్టకముందుది. ఆ వారం ముందు నుంచే పిల్లలం దొంగతనంగా పోయి మా రాయికి ఆముదం రుద్ది నిగనిగలాడించేవాళ్లం, వాళ్ల రాయికి మసి పూసేవాళ్లం. వాళ్ల పిల్లలు తక్కువ తిన్నారా? వాళ్లూ అదే పని చేసేవాళ్లు. ఆదివారానికి రెండు రాళ్లూ జిడ్డూ మసీ కలిసి ఒకే రంగులో ఉండేవి.

సంఘంలో రాయి లేని ఇల్లు ఒక్కటే. గుట్టకింది వాళ్లు. రాళ్లు కొట్టుకొని బతికే తల్లీ కొడుకూ. వాళ్ల పెద్దలు మా అందరి తర్వాత ఎప్పుడో సంఘంలో చేరారు. గంజి ఆదివారం నాడు వాళ్లు వాకిలి పక్కన అరుగు మీద, విడిగా కూర్చొని తాగేవాళ్లు. ఎవరూ పొమ్మనలేదు, ఎవరూ రమ్మనలేదు. చిన్నప్పుడు నాకు అది వింతగా తోచలేదు. తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు జలదరిస్తుంది.

మా బాపు చెల్లెలు, మా చిన్నత్త, అప్పటికి పెళ్లీడు పిల్ల. గంజి పోసే పని ఆమెది. అరుగు దగ్గరికి గంజి తీసుకుపోయినప్పుడు మాత్రం ఆమెకు తిరిగి రావడానికి చాలా సేపు పట్టేది. గుట్టకింది ఆయన పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. గంట తాడు తెగితే కమాను మీదికి ఎక్కి కట్టేది ఆయనే. ఒకసారి ఆయన దిగుతుంటే నేను కావాలనే "మామా, పైలం!" అని అరిచాను. చిన్నత్త నాకు తొడపాశం పెట్టింది. "ఇంకోపారి గట్లన్నవంటే నాలుక కోస్త" అంది. అంటూనే నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు అంతా అర్థమైపోయింది.

ఆ ఎండాకాలంలోనే ఆయన తల్లి మా ఇంటికి సంబంధం అడగడానికి వచ్చింది. గుట్టకింది పెద్దమ్మ అనేవాళ్లం. ఉతికిన చీర కట్టుకొని, కొంగు నడుముకు బిగించి దోపుకొని వచ్చి వాకిట్లో నిలబడింది. తాత మంచంలో కూర్చొని ఉన్నాడు. కూర్చోమని కూడా అనలేదు.

"పిల్లలిద్దరు ఇష్టపడ్డరు పెద్దాయనా. నీ బిడ్డను నా కంట్ల పెట్టుకొని చూస్కుంట" అంది ఆమె.

తాత ఒక్క మాట అడిగాడు. "మీ రాయి ఏది?"

ఆమె ముఖం పాలిపోయింది. "మాకు రాయి లేదని నీకు తెల్వదా?"

"తెల్సే అడుగుతున్న. రాయి లేనోళ్ల ఇంటికి పిల్లనిస్తనా? రేపు దానికి పుట్టే పిల్లలు అరుగు మీద కూసొని గంజి తాగాల్నా?"

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తలుపు వెనక నేను జొన్నరొట్టె నములుతున్నదాన్ని నమలడం ఆపేశాను. మా తాత చెడ్డవాడు కాదు. నా కాల్లో ముల్లు దిగితే తన పళ్లతో తీసేవాడు. అలాంటి మనిషి నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకు ఈ రోజుకీ మింగుడు పడదు. చిన్నత్త అన్నం ముట్టలేదు. "రాయితోని ఎవరన్న కాపురం జేస్తరా అమ్మా?" అని నాయనమ్మను నిలదీసింది. నాయనమ్మ ఆమె నోరు మూసి "మెల్లగనే, మీ బాపు ఇంటె చంపుతడు" అంది.

ఆ ఏడే మా గుడికి పాస్టరుగా కొత్త అయ్యగారు వచ్చారు. కోస్తా వైపు మనిషి, మెత్తని మాట, అందరినీ 'గారు' అనే పిలుపు. ఆయన భార్యను గోడ సందులోంచి వచ్చిన తేలు కుట్టింది. దాంతో ఆయన గోడకు సిమెంటు చేయించాలని పట్టుబట్టారు. "సందులన్నీ మూసుకుపోతాయండీ పెద్దాయన గారూ. గోడ నున్నగా, శుభ్రంగా ఉంటుంది. పిల్లలు కూర్చునే చోటు కదండీ" అన్నారు.

"మరి మా రాళ్లు?" అన్నాడు తాత. "మా రాళ్లు?" అన్నాడు ఎదురింటాయన. ఇద్దరూ ఒకే మాట అనడం ఊళ్లో ఎవరూ ఎరగరు. గుర్తులున్న రాళ్ల చుట్టూ చదరంగా వదిలేసి మిగతా గోడంతా సిమెంటు చేయాలని ఒప్పందమైంది. సిమెంటు ఆరాక తాత మా రాయి చుట్టూ నీలం రంగు పట్టీ వేయించాడు. ఎదురింటాయన ఊరుకుంటాడా? ఆకుపచ్చ వేయించాడు. గోడ మీద పటాలు తగిలించినట్టు ఎవరి రాయి వాళ్లది, దూరం నుంచే కనిపించసాగింది. ఎవరికి లేదో కూడా అంతే దూరం నుంచి కనిపించసాగింది. ఒక ఆదివారం గుట్టకింది పెద్దమ్మ ఆ గోడ ముందు ఆగి, చూసి, తల దించుకొని లోపలికి పోయింది. నా పక్కనున్న చిన్నత్త నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే నేను కుయ్యోమన్నాను.

తర్వాత వానలు పడ్డాయి. అలాంటి రాతి గోడకు సిమెంటు తొడిగితే లోపలి చెమ్మ బయటికి పోలేదట, సున్నం మెత్తబడి గోడ ఉబ్బుతుందట. అయ్యగారికీ తెలియదు, మాకూ తెలియదు. గోడకు కడుపొచ్చినట్టు అయితే తాత తట్టి చూసి "జర చెమ్మకు ఉబ్బింది, ఎండొస్తే పోతది" అన్నాడు.

ఆదివారం పొద్దున. సండే స్కూలుకు వచ్చి పిల్లలం అరుగు మీద కూర్చొని వాన చూస్తున్నాం. చిన్నత్త చీపురు పట్టుకొని దక్షిణం వైపు నిలిచిన నీళ్లు ఊడ్చేయడానికి వెళ్లింది. నాయనమ్మ గుడ్డతో బల్లలు తుడుస్తోంది. ఒక్కసారిగా కాళ్ల కింద నేల అదిరింది. దబదబమని చప్పుడు. ముందు ఏం జరిగిందో తెలియలేదు. తెల్లటి దుమ్ము లేచి వానలోకి పొంగింది. దక్షిణపు గోడ బయటి వరస పైనుంచి కిందిదాకా జారి కుప్ప పడిపోయింది.

"నా బిడ్డా!" అని నాయనమ్మ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఊరంతా ఉరికి వచ్చింది. అందరికంటే ముందు ఉరికొచ్చింది గుట్టకింది ఆయనే. అందరి ముందూ చిన్నత్తను పేరు పెట్టి పిలుస్తూ ఉట్టి చేతులతో రాళ్లు లాగి అవతల పారేస్తున్నాడు. వేళ్ల నుంచి రక్తం కారుతున్నా ఆగడం లేదు. తాత బురదలోనే కూలబడ్డాడు. నేను ఏడుపు కూడా మరిచిపోయి నిలబడ్డాను.

అప్పుడు గుడి వెనక మూల నుంచి చిన్నత్త వచ్చింది. చీపురు చేతిలోనే ఉంది. నిలువెల్లా సున్నం, కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. చెత్త పారబోయడానికి వెనక్కి పోయిందట, అంతే, అదృష్టం. ఆయన ఆమెను చూసి, చేతిలో రాయి వదిలేసి, ముఖం కప్పుకొని వెక్కివెక్కి ఏడ్చాడు. మగవాడు అలా ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. ఆమె అందరి ముందే ఆయన పక్కన పోయి కూర్చుంది. ఎవరూ అడ్డు రాలేదు, తాత కూడా.

వాన తెరపి ఇచ్చాక రాళ్లు పక్కకు తీయడం మొదలుపెట్టారు. ఎదురింటాయన "నీ కొడవలి రాయి ఏడుందో ఎతుక్కో" అని తాతను ఎకసెక్కమాడాడు. తాత లేచి వెతికాడు. దొరికింది. కొడవలి గుర్తు. తుడిచి పక్కన పెట్టాడు. మరో రాయి తిప్పితే దాని మీద కూడా కొడవలి. ఇంకోటి తిప్పితే మళ్లీ కొడవలి. ఎదురింటాయన పకపకా నవ్వాడు. ఆయన కాలి దగ్గరి రాయి తిప్పితే కోడికాలు, దాని పక్కదీ కోడికాలు. నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఇన్నాళ్లూ గోడ లోపలికి తిరిగి ఉన్న ముఖాల మీద అన్నీ గుర్తులే. కొడవళ్లు, కోడికాళ్లు, నిచ్చెనలు. ఎక్కడ చూస్తే అక్కడ. బయటికి తిరిగినవి ఏవో కొన్ని రాళ్లు, పొరపాటున తిరిగినవి. వాటినే మేం మా ఇంటిపేరు చేసుకొని మొక్కాం.

"గిదేందిది?" అన్నాడు తాత.

నాయనమ్మ ఒక రాయి ముందు చతికిలబడి గుర్తు మీద వేలు పెట్టింది. "ఏమయ్యా, గిసుంటి గుర్తు మన రోలు కింద గూడ ఉన్నది" అంది.

"పిచ్చి లేసిందా?"

"నేను కాపురానికొచ్చిన కొత్తల ఇల్లు అలుకుతుంటే రోలు పక్కకు దొర్లించిండ్రు. అప్పుడు జూసిన. ఒట్టు."

అందరం మా ఇంటికి పోయాం. గడ్డపారతో నేలలో పాతిన రోలును లేపి తిప్పారు. మట్టి తుడిస్తే గుర్తు బయటపడింది. కొడవలి కాదు, కోడికాలు! మా వంటింట్లో, మేం రోజూ కారం నూరుకునే రోలు కింద, మాతో మాటల్లేని ఎదురింటివాళ్ల గుర్తు! వాళ్లు కూడా ఆగలేక పోయి వాళ్ల రోలు లేపారు. దాని కింద కొడవలి. ఆ సాయంత్రం ఊళ్లో ప్రతి ఇంట్లోనూ రోళ్లు తిరగబడ్డాయి, ఏ ఇంట్లోనూ కారం నూరలేదు.

"మరి ఈ రోళ్లు ఎవరు కొట్టిండ్రు?" అంది నాయనమ్మ. అడిగాక తనే ఉలిక్కిపడింది. రోళ్లు కొట్టేవాళ్లు ఎవరు? గుట్టకింది వాళ్ల పెద్దలు తప్ప ఇంకెవరు! కొట్టిన రాయి ఎవరిదో తెలియడానికి అన్నదమ్ములు ఒక్కొక్కరు ఒక్కో గుర్తు పెట్టుకున్నారు. ఏది ఎవరి వంతు అని లెక్క తెలియడానికి, అంతే. మా వాళ్లు గంజి తాగి తట్టలు మోసి ఉంటారు. కానీ ఆ గోడలో గుర్తున్న ప్రతి రాయీ గుట్టకింది వాళ్లది. రాయి లేనిది మాకు.

తాత రెండు మూడు రోజులు ఇల్లు కదల్లేదు. ఆ తర్వాత ఒక పొద్దున స్నానం చేసి, తెల్ల పంచె కట్టుకొని, "నడువుండ్రి" అన్నాడు. నాయనమ్మ కొత్త చీర పట్టుకుంది, నా చేతికి బెల్లం ఇచ్చింది. గుట్టకింది ఇంటికి పిల్లనిస్తామని చెప్పడానికి పోతున్నాం! చిన్నత్త దర్వాజా పట్టుకొని నిలబడి నా జుట్టు సవరించింది. దారి పొడుగునా నేను గంతులేస్తూ పోయాను.

గుట్టకింది పెద్దమ్మ మమ్మల్ని కూర్చోమంది. మజ్జిగ ఇచ్చింది. తాత ముంత కింద పెట్టి, "నాది తప్పయింది చెల్లె. నా బిడ్డను మీ ఇంటి కోడల్ని జేస్కో" అన్నాడు. తాత నోట తప్పయిందనే మాట నేను ఎప్పుడూ వినలేదు.

ఆమె గుడి వైపు చూసింది.

"మా మామ బతికున్నప్పుడు చెప్పిండు" అంది. "గా గుడి రాళ్లు మా తాతలు కొట్టినయే అని. మీరందరు నవ్విండ్రు. తాగి వాగుతుండన్నరు. నువ్వు గూడ నవ్వినవ్ పెద్దాయనా. నేను కొత్తకోడల్ని, ఆడనే నిలబడి ఉన్న."

తాత తల వంచుకున్నాడు.

"రాయి లేదని అన్ననాడు నీ బిడ్డ నాకు బంగారం. ఇయ్యాల రాయి ఉందని తెల్సి వచ్చినవ్. గోడ కూలకపోతే వచ్చేటోనివా? కాదు. నా కొడుకుకు పిల్లనిచ్చేందుకు రాలే నువ్వు, రాళ్లకు పిల్లనిచ్చేందుకు వచ్చినవ్. మాకొద్దు. తీస్కపోండ్రి."

నా చేతిలో బెల్లం జారి కింద పడింది. ఈ ఇంట్లో కాదంటారని మాలో ఎవరికీ కలలో కూడా రాలేదు మరి! గుట్టకింది ఆయన అక్కడే ఉన్నాడు. గుంజకు ఆనుకొని, గుడ్డ కట్లు కట్టిన వేళ్ల వైపు చూసుకుంటూ. తల్లి వైపు చూడలేదు, మా వైపు చూడలేదు. తాత లేచే ముందు ఆయన ఏమైనా అంటాడేమోనని ఆగాడు. అనలేదు.

ఇంటికి వచ్చేసరికి చిన్నత్త వాకిట్లోనే ఉంది. మా ముఖాలు చూసి తెలుసుకుంది. నన్ను మాత్రం పక్కకు లాగి, "ఆయనేమన్నడు?" అని అడిగింది.

"ఏమనలే" అన్నాను.

"తల్లి కాదంటుంటే ఆయన ఆడనే ఉన్నడా?"

"ఉన్నడు."

"ఏమనలేదా?" అని మళ్లీ అడిగింది. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఆమె ముఖంలో ఏదో ఆరిపోయింది. లోపలికి పోయి పొయ్యి రాజేసి అందరికీ వంట చేసింది. ఏడుస్తుందేమోనని రోజంతా ఆమె వెనకే తిరిగాను, ఏడవలేదు. కొన్నాళ్లకు అయ్యగారి భార్య ఆమెను పట్నం తీసుకుపోయి నర్సు ట్రైనింగులో చేర్పించింది. తాత ఆపలేదు. ఏ మొహం పెట్టుకొని ఆపుతాడు? తర్వాత ఎన్ని సంబంధాలు వచ్చినా ఆమె ఒప్పుకోలేదు. ఎన్నో ఏళ్లు దవాఖానలో పని చేసి, ఎందరి పిల్లల్నో తన చేతుల మీదుగా భూమి మీదికి తెచ్చింది.

కూలిన గోడను మళ్లీ కట్టింది గుట్టకింది ఆయనే. గుర్తులున్న ముఖాలన్నీ లోపలికి తిప్పించి కట్టించాడు తాత, ఒక్కటి కూడా బయటికి కనపడకుండా. ఆ తర్వాత గంజి ఆదివారం ఎక్కడ ఎవరు కూర్చోవాలో తెలియక జనం నిలబడే గంజి తాగి వెళ్లారు. రెండేళ్లకు ఆ పండుగే ఆగిపోయింది. ఎయిర్‌పోర్టుకు పొలాలు పోయాయి, ఊరు చెదిరింది, ఎవరి దారి వాళ్లం పట్టుకున్నాం. గుడి మాత్రం ఉంటుందని, నేను చచ్చాక కూడా ఉంటుందని ధీమాగా ఉన్నాను.

నిన్న ఇంటికి చేరేసరికి ఆ కమిటీ కుర్రవాడి దగ్గర నుంచి మెసేజ్ వచ్చి ఉంది. నేనెవరో కనుక్కున్నాడు, క్షమించమన్నాడు. చదివి కాస్త చల్లబడ్డాను. మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటున్న చిన్నత్తకు ఫోన్ చేశాను. ఏడవడానికే చేశాను, దాచడమెందుకు. నా అన్నవాళ్లలో ఆ గుడిని ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే మిగిలింది.

"చిన్నత్తా, మన గుడి కూలగొట్టిన్రు."

"మొత్తమా?"

"మొత్తం."

"దక్షిణం గోడ?"

"అది గూడ. రాళ్లన్ని ట్రాక్టర్లకు ఎత్తుతున్నరు."

"హమ్మయ్య" అంది.

నేను విన్నది నిజమేనా అని ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను. "ఏందత్తా, గట్లంటవ్?"

"మరెట్లనాలె బిడ్డా? గా గోడ నిలబడి ఉన్నప్పుడు మా బాపుతోని కాదనిపిచ్చింది. కూలినంక ఆయన తల్లితోని కాదనిపిచ్చింది. ఎన్నడో పోవాల్సింది, గిన్నేండ్లు ఉన్నది. పోనియ్యి" అంటూ నవ్వింది. బరువు దించుకున్న మనిషి నవ్వు. గుడి పోయిందని పొద్దుటి నుంచి గుండెలు బాదుకుంటున్న నాకు ఏం చేయాలో తోచలేదు. ఆమె అంత తేలిగ్గా నవ్వుతుంటే ఇంకాస్త సంతోషపెడదామనిపించింది. కుర్రవాడి మెసేజ్‌లో ఉన్న మిగతా మాట కూడా చెప్పాను.

"కొత్త గుడి వాకిట్ల నల్ల గ్రానైట్ పెడతరట అత్తా. పాత కుటుంబాల పేర్లన్ని దాని మీద చెక్కిస్తరట. మొదటి పేరు మనదే అంట."

నవ్వు ఆగిపోయింది. ఫోన్ తెగిందేమో అనుకొని "అత్తా, అత్తా" అని పిలిచాను.

"మళ్ల రాయేనా?" అంది. ఇంకేమీ అనకుండా ఫోన్ పెట్టేసింది.